లోపలి లైటు

కోడలు ఏం చేస్తుందని ఎవరడిగినా అత్తగారు "బళ్ళో పని" అని ఊరుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ బడి వ్యాను నడిపేది కోడలే. అయితే నడపడమనే ముక్క మాత్రం అత్తగారి నోట రాదు, ఆవిడ ఆ వ్యాను ఎక్కి ఎరగదు.

ఆ రోజు పొద్దుగూకాక, పురిటికి వచ్చిన ఆడపడుచుకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఇంట్లో మగవాళ్ళు లేరు. బయట, ఎండలన్నీ అయ్యాక తొలి వాన. అత్తగారికి వాకిట్లో ఉన్న ఆ వ్యాను ఎక్కక తప్పింది కాదు.

కోడలు కంగారుపడలేదు. ఎక్కేముందు చెప్పుతో రోడ్డును ఒకసారి రాసి చూసింది. ఇన్నాళ్ళూ పేరుకున్న నూనె మరకలు వానకు తేలి, రోడ్డు సబ్బు రాసినట్టుంది. తొలివానంత టక్కరిది ఇంకొకటి ఉండదు. అందుకే బండిని నెమ్మదిగా కదిలించింది.

దీనికంటే నడిచి వెళ్ళడం నయమని అత్తగారు సణిగింది. కోడలు అదే వేగంతో పోనిచ్చింది. కూతురి మూలుగు విని ఉండబట్టలేక, మొహం చూద్దామని అత్తగారు లోపలి లైటు వేసింది. అంతే, ముందద్దంలో రోడ్డు మాయమై ముగ్గురి మొహాలు ప్రత్యక్షమయ్యాయి.

"లైటు ఆర్పెయ్యండి అత్తయ్యా. రోడ్డు కనపడటం లేదు."

"పిల్ల ఎలా ఉందో నాకు తెలియొద్దూ?"

"చెయ్యి పట్టుకోండి. చెయ్యే చెబుతుంది."

ఆ గొంతులో కోడలు లేదు. అత్తగారు మారుమాట లేకుండా లైటు ఆర్పింది. అప్పటికే మలుపు మీదికొచ్చేసింది. వెనక చక్రాలు ఎడమకు జారాయి. అత్తగారి పై ప్రాణాలు పైనే పోయాయి. కోడలు బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగును మెల్లగా ఎడమకే తిప్పింది. బండి బుద్ధిగా దారికొచ్చింది.

ఆసుపత్రి చేరిన ఇరవై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

కబురందుకున్న అల్లుడు ఆదరాబాదరాగా వచ్చి బిడ్డను చూసుకున్నాడు. బాలింతను నర్సుకు అప్పజెప్పి, బట్టలు తేవడానికి అతన్నీ అత్తగారినీ ఎక్కించుకుని కోడలు ఇంటికి బయల్దేరింది. వాన ఇంకా కురుస్తూనే ఉంది. అల్లుడు ఫోను ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటూ లోపలి లైటు వేశాడు.

కూతురి పెళ్ళయిన నాటినుంచీ అల్లుడి మాటకు ఎదురాడని అత్తగారు అతని చేతిమీద ఒక్కటి వేసింది.

"ఆర్పండి బాబూ. మా కోడలు బండి నడుపుతోంది."