జీపు వస్తే దాక్కునే మనిషి

హేమ్లాను అడవిలోకి తోలింది మీరే. జీపు దిగి, ఫ్యాను కింద కూర్చుని, కొబ్బరినీళ్లు తాగి, ఎదురుగా వరసలో నిలబెట్టిన మనుషులను మాత్రం చూసి, అంతా బాగుందని సంతకం గీకిపోయిన పెద్దలు మీరే. వెనక అరుగు మీద ఆరబెట్టిన కంచాలు వరసలో ఉన్న మనుషులకంటే ఎక్కువున్నాయని మీకు కనపడలేదా? కనపడింది. అడిగితే పని మీద పడుతుందని అడగలేదు. ఆ ఎక్కువ కంచాల్లో ఒకటి హేమ్లాది.

మణుగూరు బొగ్గు లారీల రోడ్డు వదిలి అడవి వైపు తిరిగితే, టేకు ప్లాంటేషన్‌కు ఆనుకుని ఉండేది ఆ హోమ్. వయసు వచ్చినా బుద్ధి పసితనంలోనే ఆగినవాళ్లు, మాట రానివాళ్లు, తమ ఒళ్లు తాము కడుక్కోలేనివాళ్లు అందులో ఉండేవాళ్లు. సర్కారు ఒప్పుకున్నది పాతికమందికి. ఉన్నది దాదాపు నలభై. తల్లీతండ్రీ పోయినవాళ్లను చుట్టాలు తెచ్చి గేటు ముందు దింపిపోయేవాళ్లు. కాదని తిప్పి పంపడం మేనేజర్ ఉదయ్ భాస్కర్‌కు చేతనయ్యేది కాదు. మనుషులు ఎక్కువయ్యారు, ఇంకొందరు ఆయాలను ఇవ్వండి అని ఆఫీసర్లను నిలదీయడమూ చేతనయ్యేది కాదు. అడిగితే ఉన్న గ్రాంటు కూడా ఆపుతారని భయం. సత్తుపల్లి దిక్కు పొలాలున్న ఇంటి మనిషి, మెత్తటివాడు. మెత్తదనం కూడా మనుషుల ప్రాణం తీస్తుంది.

అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. కల్వర్టు దగ్గర జీపు చప్పుడు వినపడగానే వాచ్‌మన్ గంగయ్య వెనక గేటు తీస్తాడు. ఆయా లిదియా లెక్కలో లేనివాళ్లను చేతులు పట్టుకుని టేకు చెట్లలోకి తీసుకుపోతుంది. ఒక్కొక్కరిని ఒక్కో మాను వెనక కూర్చోబెడుతుంది. మూతి మీద వేలు పెట్టి చూపిస్తుంది. జీపు పోయాక ఒక్కొక్కరి వీపు తట్టి లేపి, చేతిలో బెల్లం ముక్క పెడుతుంది. వాళ్లు బెదరకూడదని దాన్ని ఆటలాగా నేర్పింది.

మిగతావాళ్లకు ఆ ఆట సరిగ్గా పట్టుబడలేదు. ఒకడు మధ్యలో లేచి వస్తాడు. ఒకామె పాటందుకుంటుంది. హేమ్లా మాత్రం అట్లా కాదు. తండా నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి, ఎద్దులాంటి ఒళ్లు, నోట్లో మాట లేదు. మోకాళ్లలో తల దూర్చి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడంటే చీమలు కుట్టినా కదలడు. పిలిచినా లేవడు. లిదియా చెయ్యి వీపు మీద పడాల్సిందే. "నువ్వే ఫస్టు రా, నా అయ్యా" అని ఆమె అతనికి రెండు ముక్కలు పెట్టేది.

ఆ మే నెలలో వచ్చిన ఆఫీసరమ్మ కొత్తది. ఆయా కనపడకపోతే ఆమె అడుగుతుందని ఉదయ్ భాస్కర్ లిదియాను లోపలే ఉంచాడు. చెట్లలో ఉన్నవాళ్ల కాపలా గంగయ్య మీద పడింది. ఆఫీసరమ్మ చూసింది, రాసుకుంది, పోయింది. లిదియా ఊపిరి పీల్చుకుని గ్లాసులు కడుగుతుంటే జీపు మళ్లీ గేటు ముందుకొచ్చి ఆగింది. రేడియేటర్ మరిగి, బానెట్ కింద నుంచి పొగలు కక్కుతోంది. ఆ వెనకే వంటింటి గుమ్మంలో గంగయ్య, తువ్వాలు లేకుండా, వగరుస్తూ.

"లిదియమ్మా, హేమ్లా లేడు."

"లేడంటే ఏంది? మాన్ల వెనక చూసినవా?"

"అన్ని చూసిన. జీపు పోయిందని అందర్ని ఇంటికి నడిపిస్తాంటి. గంతల్నే మళ్ల గుర్రుమనుకుంట వాపసొచ్చె. మిగిలినోళ్లు నిలబడ్డరు, ఎన్క గోడకు కూసోబెట్టిన. హేమ్లా ఒక్కటే ఉరుకుడు. నా తువ్వాల గుంజుకుని పోయిండు. గా ఎద్దును నేనేం పట్టుకుంటనమ్మా?"

"ఎటు?"

"వాగు దిక్కు."

లిదియా చేతిలోని గ్లాసు మోరీలో వదిలేసి లేచింది. బయట ఎండ నిప్పులు కక్కుతోంది. పొద్దున్న తాగిన నీళ్లు తప్ప అతని కడుపులో ఏమీ లేదు. మధ్యాహ్నం వేసుకోవాల్సిన ఫిట్స్ గోలీ ఇంకా ఆమె కొంగు ముడిలోనే ఉంది. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. ఆ రోజుల్లో ఆ అడవిలో పోలీసులవీ, దళాలవీ, తుపాకులు రెండు దిక్కులా తిరుగుతున్నాయి. ఎవడ్రా అంటే పలకని మనిషి, మనిషిని చూస్తే నక్కే మనిషి. అక్కడ అంతకు మించిన నేరం లేదు.

ఆమె వసారాలోకి వచ్చింది. ఆఫీసరమ్మ ఫ్యాను కింద కళ్లు మూసుకుని ఉంది. ఉదయ్ భాస్కర్‌ను స్తంభం పక్కకు పిలిచి చెవిలో చెప్పింది. ఆయన ఫ్యాను వైపు ఓసారి చూశాడు.

"మెల్లగా మాట్లాడు, మేడమ్ వింటుంది. ఆవిడ వెళ్లాక వెతుకుదాం."

"ఎప్పుడు పోతది సారు?"

"ఇంజన్ చల్లారాలి కదా."

"గప్పటిదాక హేమ్లా సల్లబడిపోతడు."

ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. నీళ్ల సీసా తీసుకుని, గంగయ్యను వెంటబెట్టుకుని వెనక గేటు దాటింది.

టేకు చెట్లకు ఆ కాలంలో ఆకు ఉండదు. నీడ లేదు, ఎండిన ఆకులు అడుగడుగునా కరకరమంటున్నాయి. లిదియా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నేల కాలుతోంది, అయినా సరే, చప్పుడు కావద్దు. "యేసయ్యా, యేసయ్యా" అని పెదవులు కదులుతున్నాయి. తునికాకు మూట నెత్తిన పెట్టుకుని ఒక కోయ ఆడమనిషి ఎదురొచ్చింది.

"అమ్మా, పెద్దమనిషి, మాట రానోడు, గిట్ల పోయిండా?"

ఆమె మూట సర్దుకుని వాగు వైపు గడ్డం చూపింది. "పిలిచిన. పలకలే. పొదల పడి కూసున్నడు. ఎవలకో భయపడి తిరిగేటోడు అనుకున్న. మావోళ్లకు చెప్పాల్నా వద్దా అని సూస్తున్న."

"చెప్పకమ్మా, నీ కాల్మొక్త. ఆయన ఎవలోడు కాదు. మావోడు. పసిపిల్ల లెక్క."

"పసిపిల్లను గిట్ల ఎండల ఇడిసిండ్రా?" అని అడిగి ఆమె తన దారిన పోయింది.

వాగులో చుక్క నీరు లేదు. ఇసకలో పెద్ద పాదాల గుర్తులు, ఒకచోట గంగయ్య తువ్వాలు. లిదియా గంగయ్యను ఆపి, ఒడ్డున పరికి ముళ్ల పొద వైపు చూసింది. కొమ్మ కదిలింది. ఏదో జంతువు రొప్పుతున్నట్టు ఊపిరి. ఆమె వంగి, మెల్లగా, ఒక్కో అడుగు వేసింది. ఇంకా నాలుగడుగులు వేస్తే చెయ్యి వీపుకు అందుతుంది.

అప్పుడే మోగింది హారన్.

దాక్కున్న చోటికే జీపు రావడం ఎన్నడూ లేదు. పొద చీల్చుకుని హేమ్లా లేచాడు. వెనక్కి చూడలేదు. చొక్కా ముల్లుకు చిక్కి చిరిగింది. అవతలి ఒడ్డెక్కి కనపడకుండా పోయాడు. హారన్ మళ్లీ మోగింది, ఇంకా దగ్గరగా.

లిదియా కొంగు బిగించి రోడ్డు మీదికి ఉరికింది. ప్లాంటేషన్ రోడ్డు మీద హోమ్‌కున్న పాత జీపు వస్తోంది. నడిపేది ఉదయ్ భాస్కర్. పక్కన ఆఫీసరమ్మ. ఆమె జీపు ఇక కదలదని తేలేసరికి, మణుగూరులో దింపుతానని ఆయనే ఎక్కించుకున్నాడు. దారిలో హేమ్లా వింటే, హోమ్ జీపే అని గుర్తుపట్టి బయటికొస్తాడని హారన్ కొడుతున్నాడు. ఎందుకండీ అంత హారన్ అని ఆమె అడిగితే, అడవి పందులు అడ్డమొస్తాయి మేడమ్ అన్నాడు.

లిదియా రోడ్డు మధ్యలో చేతులు చాచి నిలబడింది. బ్రేకు పడింది. దుమ్ము ఆమె నోట్లోకి కొట్టింది.

"ఇంజన్ బంద్ చెయ్యండి సారు."

"ఏంటి లిదియా ఇది? మేడమ్‌కు ఆలస్యమవుతోంది. పక్కకు జరుగు." మాట గట్టిగానే ఉంది. కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి.

ఆ కళ్లు ఏమంటున్నాయో ఆమెకు తెలుసు. నోరు తెరిస్తే నౌకరి పోతుంది. అది పోనీ. దాచిపెట్టినవాళ్లందరినీ ఏ రోడ్డు మీద వదిలేస్తారో తెలియదు. పాట పాడే ఆమెకు ఎవరున్నారు? నోరు మూసుకుంటే ఒక్కడే పోతాడు. ఒక్కడే. ఈ లెక్క ఎవరు నేర్పారో తెలియదు గానీ ఆ ఎండలో లిదియా కూడా ఒక్క నిమిషం ఆ లెక్క వేసింది. తర్వాత తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"హేమ్లా గీ చప్పుడుకే ఉరుకుతుండు సారు. బంద్ చెయ్యండి!"

"హేమ్లా ఎవరు?" అంది ఆఫీసరమ్మ.

"ఎవరూ లేరు మేడమ్. ఎండదెబ్బకు ఏదో..."

"ఉన్నడు మేడమ్. మీకు కనపడకుండ దాచినోడు. ఒక్కడే కాదు, ఇంక చానమంది ఉన్నరు. మీ జీపు వచ్చినప్పుడల్ల చెట్లల్ల కూసోబెడతం."

ఆఫీసరమ్మ ఉదయ్ భాస్కర్ వైపు చూసింది. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చాడు.

"దాక్కోమని వాళ్లకు ఎవరు చెప్పారు?"

"దాయమన్నది సారు. నేర్పింది నేను. మంచిగ నేర్పిన మేడమ్. గంత మంచిగ నేర్పిన కాబట్టే దొరుకుతలేడు."

తాళం తిరిగిన చప్పుడు. ఇంజన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో అడవి ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది.

నలుగురూ నడిచారు. ఆఫీసరమ్మ కూడా నడిచింది, చీర ముళ్లకు తగులుతుంటే విడిపించుకుంటూ. మాట్లాడొద్దని లిదియా చెయ్యి ఊపితే నోరు మూసుకుంది. గట్టు కోసుకుపోయిన చోట, మద్ది చెట్టు వేళ్ల కింద దొరికాడు హేమ్లా. తల మోకాళ్లలో, చేతులు నెత్తి మీద. మోచేతి గాయం మీద చీమలు బారుకట్టాయి. కదలడం లేదు. బతికున్నాడో లేదో తెలియదు. లిదియా మోకాళ్ల మీద పాకుతూ పోయి వీపు మీద చెయ్యి వేసింది. వీపు పెనంలా కాలుతోంది.

హేమ్లా తల ఎత్తాడు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆమెను చూసి ముఖం విప్పారింది. కుడి చెయ్యి చాచాడు.

బెల్లం కోసం.

ఆమె చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. తాగించబోతే రెండు గుక్కలు లోపలికి పోయాయి, తర్వాత దవడ బిగిసింది. కళ్లు పైకి తేలిపోయాయి. ఒళ్లంతా కొట్టుకోవడం మొదలైంది. గంగయ్య తాళాల గుత్తి తీసి చేతిలో పెట్టబోయాడు.

"ఇనుము వద్దు గంగయ్యా, పక్కకు తిప్పు! రాయి తగలకుండ తల కింద తువ్వాల పెట్టు!"

కొట్టుకోవడం ఆగేదాకా లిదియా అతని తల పట్టుకునే ఉంది. ఆగాక హేమ్లా గుడ్డపేలికలా పడిపోయాడు. ఊపిరి ఉంది. ఒంటి వేడి తగ్గలేదు. లిదియా మిగిలిన నీళ్లు అతని ఛాతీ మీద, మెడ మీద పోసింది.

ఆఫీసరమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ముందుకొచ్చింది. "ఇది ఘోరం. ఇవాళే రిపోర్ట్ పంపిస్తాను. ఈ హోమ్ సీల్ చేయిస్తాను. మీలో ఒక్కరినీ వదలను."

ఉదయ్ భాస్కర్ తల వంచుకుని నిలబడ్డాడు. లిదియా వంచలేదు. హేమ్లా తల ఒళ్లో పెట్టుకునే చెప్పింది.

"పంపండి మేడమ్. అందరికంటే ముందు నా పేరు రాయండి, నేను జైలుకు పోత. సీలు మాట మాత్రం ఎత్తకండి. తాళమేస్తే వీళ్లు ఏడికి పోవాలె? ముందు గా సంగతి చెప్పండి. మీకు చోటు లేదు, మాకు తెల్సు. గందుకే సీలు లేదు. ఇప్పుడు గీ మనిషిని లేపండి, సారు భుజాలు పడతడు, మీరు గీ పక్క పట్టండి. నేను చెవులు మూస్త, ఇంజన్ చప్పుడుకు మళ్ల బెదిరిపోతడు. దవాఖానాల డాక్టర్ అడిగితే ఈయన మా హోమ్ మనిషే అని మీ నోటితోటి చెప్పాలె. గాడ నుంచే మీ పెద్దసారుకు ఫోన్ కొట్టాలె. ఉన్నోళ్లందరు ఉన్నరని ఒప్పుకోవాలె, అందరికి బువ్వ, గోలీలు పంపాలె, రేపు పొద్దుగాల్ల ఇంకో నలుగురు ఆయాలను జీపుల తేవాలె. విచారణ అటెన్క చేసుకోండి. నిలబడి చూస్తరేంది మేడమ్? జల్దీ, పట్టండి!"