కొమురెల్లి ఎర్రజెండా

తలపాగా బిగించి, జెండా కర్ర చంకలో ఇరికించుకొని కొమురెల్లి కల్వర్టు గోడ మీంచి లేచాడు. కమాన్‌పూర్ రోడ్డుకు అవతల కొత్త అపార్టుమెంట్ల గేటు తెరుచుకుంది. ఇక అందులోంచి దూసుకొచ్చే కార్లకు ముందూ వెనకా కనపడదు. ఇవతల వాడ పిల్లలు బడిసంచులతో ఆయన కోసమే ఎదురుచూస్తున్నారు.

సన్నటి మనిషి. రిటైరై ఇన్నేళ్లయినా గోళ్లలో బొగ్గు నలుపు పోలేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ముందు ఎర్రజెండాతో రోడ్డు ఆపడమే ఆయన ఉద్యోగం. "నిలబడి జీతం తింటడు" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. ఒకసారి మేనేజరు జీపునే ఆపేశాడు. మేనేజరు దిగి అరిచినా జెండా దించలేదు. ఆ ముచ్చట చెప్పుకోని పెళ్లి వాడలో జరగలేదు.

స్పీడ్‌బ్రేకర్ వేయమని వాడంతా పెద్దపల్లి కలెక్టరాఫీసు దాకా పోయి అడిగింది. చూద్దామన్నారు. చూసేలోపు కారు తగిలి వాడలో ముసలి సమ్మవ్వ కాలు విరిగింది. మర్నాడే కొమురెల్లి పెట్టెలోంచి జెండా తీశాడు.

ఇప్పుడు దాన్ని అడ్డంగా చాచాడు. ముందున్న తెల్లకారు ఆగి అద్దం దిగింది. లోపల ఆయన బిడ్డ జమున. బ్యాంకు ఉద్యోగం. మొన్ననే ఆ అపార్టుమెంట్లో ఇల్లు కొనుక్కుంది.

"బాపూ, డ్యూటీకి ఆలస్యమైతుంది. నన్నొక్కదాన్ని పోనియ్యి."

"ఎర్రజెండా పడ్డంక బిడ్డెవరు, మేనేజరెవరు? ఇంజన్ బంద్ చెయ్యి."

వెనక నీలంకారాయన ఆపకుండా హారన్ కొట్టి, తల బయటపెట్టాడు. "ఎవరండీ ఈ ముసలాయన?"

జమున ఇంజన్ ఆపి కిందికి దిగింది.

"మా బాపు. పిల్లలు దాటేదాక ఎవ్వలం కదలం."

కొమురెల్లి బిడ్డ వైపు చూడలేదు. ఛాతీ మాత్రం జానెడు పొంగింది. ఆ రోజంతా కనపడ్డవాళ్లకల్లా ఆ మాటే చెప్పాడు.

సాయంత్రం బడి వదిలారు. ఆఖరి పిల్ల కూడా దాటాక జెండా కర్రను కల్వర్టు సందులో నిలబెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చాయ్ బండి రమ గ్లాసు తెచ్చి ఇచ్చింది.

"అందరు దాటిండ్రా బిడ్డా?"

"దాటిండ్రు కాకా."

సరేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. ఖాళీ గ్లాసు కోసం రమ తిరిగి వచ్చేసరికి చాయ్ అట్లాగే ఉంది. మనిషిలో ఊపిరి లేదు.

మర్నాడు పొద్దున వాడలో చావుడప్పు మోగుతుండగానే గేటు తెరుచుకుంది. అందరికంటే ముందు నీలంకారు వచ్చింది. కల్వర్టు దగ్గరకొచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు. దాని వెనక ఒక్కో ఇంజనూ ఆగిపోయింది. పిల్లలు దాటారు. సందులో జెండా నిలబడే ఉంది, పిడికిలి పట్టేంత మేర కర్ర నున్నగా, నల్లగా అరిగిపోయి.