ముల్లు నేలను చూసిన ఉదయం

పొద్దున్నే ఇంటి ముందు నీళ్ళు జల్లి, పొయ్యి మీద టీ పడేసి, దేవుడి గూట్లో ఉన్న కంపాసు వైపు ఒకసారి చూడటం సూర్యకళకి అలవాటు. అత్తగారు ఎక్కడుందో తెలియాలి కదా. ముల్లు గుమ్మం వైపు తిరిగి ఉంటే అప్పాయమ్మ అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నట్టు. పడమటి గోడ వైపు తిరిగి ఉంటే గంగాలమ్మ ఇంట్లో చేరి ఊరందరి సంగతులూ ఆరబోస్తున్నట్టు. అప్పుడు టీ గ్లాసు అక్కడికే పంపించాలి.

కంపాసు ముల్లు ఎక్కడైనా ఉత్తరాన్ని చూస్తుంది. విశాఖలో ఈ ఒక్క జాలరిపేట ముళ్ళు మాత్రం అప్పాయమ్మను చూస్తాయి. ఆవిడ కొత్తకోడలుగా పేటలో అడుగుపెట్టిన ఏడాది నుంచీ అంతే. అదొక వింత అని పేటలో ఎవరూ అనుకోలేదు. ఒకరికి చేతివాటం ఉంటుంది, ఒకరికి నోటి దురుసు ఉంటుంది, అప్పాయమ్మకి ఇది ఉంది. ముప్పై మైళ్ళు లోపలికి పోయిన బోటైనా ముల్లు చూపిన వైపు ముక్కు తిప్పి వచ్చేస్తే సరాసరి పేట ఒడ్డుకి చేరుతుంది. ఫోన్లు వచ్చాయి, ఫోన్లలో దారులు చూపించే బొమ్మలూ వచ్చాయి గానీ, బ్యాటరీ అయిపోతే ఫోను అద్దం ముక్క. అప్పాయమ్మకి బ్యాటరీ గొడవ లేదు.

కష్టమల్లా అప్పాయమ్మకే. బోట్లు నీళ్ళ మీద ఉండగా ఆవిడ ఒడ్డు వదలకూడదు. ఒకసారి చెప్పాపెట్టకుండా తగరపువలసలో పెళ్ళికి వెళ్తే, పదకొండు బోట్లు వరసగా పోయి భీమిలి దగ్గర ఒడ్డెక్కాయి. ఆ తిట్లు తిన్నాక ఆవిడ మళ్ళీ ఒక్క రాత్రి కూడా పేట బయట పడుకోలేదు. కూతురు రాణి గాజువాకలో రెండు పురుళ్ళు పోసుకుంది. అప్పాయమ్మ రెండుసార్లూ పథ్యం కారం డబ్బాలో పెట్టి పంపింది గానీ, తాను వెళ్ళలేదు. మనవలిద్దరినీ ఫోటోలోనే చూసుకుంది.

సూర్యకళది ఇంకో రకం బాధ. సముద్రమంటే ఆ పిల్లకి గుండెల్లో రాయి. పన్నెండేళ్ళ వయసులో తండ్రి బోటు కోసం మూడు రోజులు ఒడ్డున కూర్చుంది. బోటు రాలేదు. చెప్పుల జత కూడా రాలేదు. కోటిని చేసుకున్నాక, అతను వేటకెళ్ళిన ప్రతిరోజూ ఆ మూడు రోజులూ మళ్ళీ మొదలవుతాయి. మబ్బు పట్టినా భయమే, పట్టకపోయినా భయమే. పేటలో ఆడవాళ్ళు వెనకాల బెంగమ్మ అని పిలుస్తారు. ముందరా పిలుస్తారు.

చివరికి ఎనిమిది నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చి ఏడ్చి, కోటి దగ్గర మాట పుచ్చుకుంది. గాజువాకలో నాగబాబు అనే స్నేహితుడి వెల్డింగు షాపులో పని కుదిరింది. రాణి ఇంటి పక్కనే గది దొరికింది. ఆదివారం సామాను ఆటో వస్తుంది. ఈ వారం గడిస్తే చాలు, కోటి మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళడు. సూర్యకళ రోజులు వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటోంది.

సోమవారం నాడు ముల్లు వణికింది.

అప్పాయమ్మ అరుగు మీదే ఉంది, కదల్లేదు. అయినా ముల్లు అటూ ఇటూ ఊగుతూ, జ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. మంగళవారమూ అంతే. బుధవారం కృష్ణంరాజు వచ్చాడు.

కృష్ణంరాజు కాలేజీలో చదువు చెప్పే మనిషి. భూమిలోని అయస్కాంతం హెచ్చుతగ్గులు కొలవడానికి పేట వెనక సరుగుడు తోటలో ఒక పెట్టె పాతాడు. పాపం, తెలియక పాతాడు. ఆ పెట్టెలో గీతలన్నీ అప్పాయమ్మ ఎటు నడిస్తే అటు నడుస్తాయి. అందుకని వారానికోసారి వచ్చి, నోట్‌బుక్ తెరిచి, ఆవిడ రాకపోకలు రాసుకుని, వాటిని తన లెక్కల్లోంచి తీసేసుకుంటాడు.

"అమ్మగారూ, నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఎక్కడుంతాను బాబూ? ఇక్కడే సేపలు ఎండబెట్టుకుంతన్నాను."

"బావిలోకి గానీ, గోతిలోకి గానీ దిగారా?"

"ఈ వయసులో గోతిలోకి దిగితే మళ్ళీ పైకి రాను గదా బాబూ!" అని అప్పాయమ్మ పకపకా నవ్వింది.

కృష్ణంరాజు నవ్వలేదు. నోట్‌బుక్ మూసి వెళ్ళబోతుంటే సూర్యకళ సందు మొదట్లో ఆపింది.

"బాబూ, ఏటైంది? గోతి మాటెందుకు అడిగారు?"

అతను నోట్‌బుక్ మళ్ళీ తెరిచాడు. "మూడు రోజుల నుంచీ నా గీతలు కిందికి లాగుతున్నాయమ్మా. భూమి లోపల రాళ్ళు నలుగుతున్నప్పుడు కరెంటు లాంటిది పుడుతుందనీ, భూకంపానికి ముందు ఇలాంటి గుర్తులు కనిపించవచ్చనీ కొందరంటారు. అదంతా ఉత్తదే అని ఇంకొందరంటారు. ఎవరూ తేల్చలేదు."

"మరి మీరేటంతారు?"

"ఏమనను? వస్తుందని చెప్పి రాకపోతే నవ్వులపాలు. చెప్పకుండా వస్తే..." అని ఆగిపోయాడు. "నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

తెలియదన్న మాట కన్నా భయపెట్టేది ఇంకేముంటుంది? సూర్యకళకి ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం కోటి వలలు సర్దుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"రేపు ఎల్లకు మావా."

"మొన్నా ఎల్లొద్దన్నావు. అటుమొన్నా ఎల్లొద్దన్నావు."

"ఈపాలి ముల్లు వణుకుతంది. నీ కళ్ళతో నువ్వే సూడు."

కోటి చూశాడు. వేలితో అద్దం మీద టకటకా కొట్టాడు. "నాన్న వాడిన కంపాసే ఇది. ముసిల్దైపోనాది. ఇంక మూడు రోజులే గదే! ఎల్లిపోయే ముందు బోటు కలాసీల కడుపు కొట్టి పొమ్మంతావేటి?"

గోరంతను కొండంత చేయడం అలవాటైన మనిషికి, నిజంగా కొండ ఎదురైనా చెప్పుకునే నోరుండదు. తెల్లవారకముందే అతను వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున్న సముద్రం మీద మంచు దట్టంగా దిగింది. ఒడ్డున నిలబడితే పది బారల అవతల ఏముందో కనపడటం లేదు. సూర్యకళ టీ పొయ్యి మీద పెట్టి గూటి వైపు చూసింది. టిక్ మని చిన్న శబ్దమైంది. ముల్లు గుమ్మం వైపు లేదు, పడమటి గోడ వైపు లేదు. మొన తిన్నగా కిందికి వాలి, కంపాసు గిన్నె అడుగుకి ఆనుకుని ఉంది.

కంపాసు పట్టుకుని అరుగు మీదికి పరుగెత్తింది. "అత్తా! నువ్వు బాగున్నావా?"

"బతికే ఉన్నాను గదే, ఏటా అరుపు?" అంది అప్పాయమ్మ, పిల్లని ఒళ్ళో ఆడిస్తూ.

అరగంట గడవకముందే ఒడ్డు వైపు నుంచి ఏడుపు వినిపించింది. సత్యం బోటు. ఒడ్డుకి దగ్గరలో వలేసిన వాడు, అందరికన్నా ముందు చేరాడు. తలగుడ్డ తీసేసి, గుండెలు బాదుకుంటూ వస్తున్నాడు. పేటలో ఎవరైనా పోతే ఇసుకలోనే పూడ్చిపెడతారు. సముద్రం మీద ముల్లు నేలను చూసిందంటే అప్పాయమ్మ మట్టిలో ఉన్నట్టే కదా! అతను అరుగు దాకా వచ్చి కొయ్యబారిపోయాడు.

"పెద్దమ్మా! నువ్వు... నిన్ను పాతిపెట్టీలేదా?"

"నీ నోట్లో మట్టి కొట్టా! నాకేటైందిరా?"

"అందరి ముళ్ళూ కిందికే సూత్తన్నాయి. కోటిగాడు బాగా లోపలికి ఎల్లినాడు. కొడుకు నేకుండా మట్టికిచ్చీసినారని ఆడు ఎలగేడుత్తన్నాడో!"

చావు కబురు తప్పుడుదైతే ఆయుష్షు పెరుగుతుందంటారు. అయితే దానికో పద్ధతుంది. పోయిందన్న కబురు పుట్టిన మనిషి, కొడుకు వచ్చి మొహం చూసేదాకా గడప లోపల ఉండకూడదు. పేటంతా పొయ్యిలార్పి ఆ మనిషితోపాటు ఇసుక మీద కూర్చోవాలి. గంగాలమ్మ చీపురు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరినీ లేపింది. మంచం పట్టిన వాళ్ళని మంచంతో సహా మోసుకొచ్చారు. బడికెళ్ళే పిల్లలు బడి మానేశారు. అప్పాయమ్మని కొత్త చీర కట్టి ఒడ్డున కూర్చోబెట్టారు. ఏడవడానికి వచ్చిన వాళ్ళు ఆవిడ వేళాకోళాలకి నవ్వలేక చస్తున్నారు.

సూర్యకళ ఒక్కతే నవ్వలేదు. కంపాసు గుప్పిట్లో పట్టుకుని మంచులోకి చూస్తూ కూర్చుంది. ముల్లు నేలను చూస్తుంటే నీళ్ళ మీద మిగిలిన పది బోట్లు ఏ దిక్కుకి వస్తాయి? కోటి ఎటు వస్తాడు?

అప్పుడు కింద ఇసుక కదిలింది.

ముందు లారీ పోతున్నట్టు అడుగున ఎక్కడో గుడగుడలాడింది. తర్వాత ఇసుక జల్లెడలో పిండిలా ఊగింది. కూర్చున్న వాళ్ళు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు. వెనక్కి తిరిగి చూసేసరికి పాత కాలనీ ఇళ్ళ వరసలో శ్లాబులు ఒకదాని వెనక ఒకటి కూలుతున్నాయి. సూర్యకళ ఇంటి ముందు గది కూలింది. ఉయ్యాల కట్టిన దూలం ఆ గదిలోదే. పొద్దున్న ఈపాటికి పిల్ల రోజూ ఆ ఉయ్యాలలోనే నిద్రపోతుంది. సూర్యకళ పిల్లని లాక్కుని గుండెకి అదుముకుని, ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది.

ఇళ్ళలో ఒక్క ప్రాణి లేదు.

"సునామీ వత్తాది! కొండ రోడ్డెక్కండి!" అని ఎవరో కేక పెట్టారు. జనమంతా ఒక్కసారిగా లేచారు. సూర్యకళ కూడా పరుగెత్తింది. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో కంపాసు. అప్పాయమ్మని సత్యం చెయ్యి పట్టుకుని ముందు నడిపిస్తున్నాడు. సగం మిట్ట ఎక్కాక సూర్యకళ అలవాటు కొద్దీ కంపాసు చూసింది. ముల్లు నేల మీంచి లేచింది. కానీ ముందు పోతున్న అప్పాయమ్మ వైపు లేదు. తన గుండె వైపు ఉంది.

పక్కకి తిరిగింది. ముల్లూ తిరిగింది. పిల్లని చూస్తోందేమోనని పిల్లని గంగాలమ్మకి అందించి రెండడుగులు జరిగింది. ముల్లు సూర్యకళతోనే వచ్చింది.

గంగాలమ్మ తొంగి చూసింది. "ఓలమ్మో, ఇంక నువ్వేనేటే," అని మాత్రం అంది.

సూర్యకళ ఆగిపోయింది. వాళ్ళెక్కుతున్న మిట్ట కిందంతా రాళ్ళు. నల్లటి, పదునైన రాళ్ళు. తాను పైకెక్కితే ముల్లు ఇటే చూపిస్తుంది. బోట్లు ఈ మంచులో ముక్కు తిప్పి ఈ రాళ్ళ మీదికే వస్తాయి. బోట్లు ఒడ్డెక్కాలంటే తాను కింద, బోట్లు దిగే చోట, ఇసుక మీద ఉండాలి. ఒక్కతే ఉండాలి.

అప్పాయమ్మ వెనక్కి వచ్చింది. కంపాసు చూసింది, కోడలి మొహం చూసింది. గంగాలమ్మ దగ్గర్నుంచి పిల్లని తను తీసుకుంది.

"నానెల్తాను, నువ్వుండవే," అందామని నోరు తెరిచింది. కానీ ఆవిడ వెళ్ళినా ఇప్పుడు లాభం లేదు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఎల్లమ్మా. కంగారు పడి అటూ ఇటూ తిరక్కు. నువ్వు తిరిగితే ఆళ్ళకీ తలలు తిరుగుతాయి. ఒక్కసోటే నిలబడు."

సూర్యకళ మిట్ట దిగింది. జనమంతా పైకి పోతుంటే ఎదురు నడిచింది. బోట్లు లాగి లాగి పడిన గాడి దగ్గర పాదాలు ఇసుకలో దించి నిలబడింది. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. అల వచ్చి పోతుంటే ఇదే ఆఖరిదేమో, వెనక్కి పోతే ఎంత దూరం పోతుందో అని ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. పన్నెండేళ్ళప్పుడు కూర్చున్న ఒడ్డు గుర్తొచ్చింది. నాన్న బోటు దారి తప్పి తిరిగిందేమో, ఆయనకి ఇలా నిలబడి చూపించే మనిషి లేకపోయిందేమో. పరుగెత్తి పారిపోవాలని ఒళ్ళంతా గోల పెడుతోంది. సూర్యకళ మాత్రం కదల్లేదు.

ఎంతసేపైందో తెలియదు. మంచులో ఇంజను చప్పుడు వినిపించింది. ఒక బోటు. దాని వెనక ఇంకొకటి. సరిగ్గా సూర్యకళ మీదికే వస్తున్నట్టు వచ్చి గాడిలో ఒడ్డెక్కాయి. ఎనిమిదోది కోటిది.

అతను నీళ్ళలోకి దూకి పడుతూ లేస్తూ వచ్చాడు. "అమ్మేది? అమ్మ ఎక్కడే?"

"మిట్ట మీదుంది. పిల్లా అక్కడే ఉంది."

కోటి ఇసుక మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ముల్లు కిందికి సూసింది గదా, ఇంక ఎక్కడికి రావాలో తెలీలేదు. ఇంజను ఆపీసి కూకున్నాం. మరి ఉన్నట్టుండి లేసింది. అమ్మ బతికే ఉందని..."

"అది అత్త గాదు మావా," అంది సూర్యకళ. గుప్పిట విప్పి కంపాసు చూపించింది. "నాను."

కోటి కంపాసు అందుకుని ముల్లు వైపు చూశాడు. గాజువాక మాట అతను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. మిగిలిన రెండు బోట్లూ వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. సునామీ రాలేదు.

శనివారం కృష్ణంరాజు వచ్చాడు. పెట్టె బాగానే ఉందన్నాడు. అంత జరిగినా, గీతలకీ భూకంపానికీ సంబంధం ఉందని రాయడానికి లేదట, ఒక్కసారి జరిగితే లెక్కలోకి రాదట. ఆ తర్వాత నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, మొహమాటంగా అడిగాడు. "ఇకనుంచి మీరు ఎటు వెళ్ళినా నాకు చెప్పాలమ్మా."

"ఎటు ఎల్తాను బాబూ," అంది సూర్యకళ.

ఆదివారం ఆటో వచ్చింది. వెనక్కి పంపించమని ఎవరూ చెప్పలేదు మరి. కోటి అప్పటికే నీళ్ళ మీద ఉన్నాడు. అప్పాయమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిలో ఎండుచేపల సంచీ పట్టుకుని, పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ ఎక్కింది. మనవలు తనని గుర్తుపడతారా అని ఆటో అబ్బాయినే మూడుసార్లు అడిగింది. అంతలోనే కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాలుగు రోజులుండి వచ్చీత్తాను. నిన్ను ఒక్కదాన్నీ ఒగ్గీసి ఎల్తన్నానే..."

"ఎల్లత్తా. రాణొదినని అడిగినట్టు సెప్పు."

ఆటో సందు దాటి రోడ్డెక్కింది. సూర్యకళ పిల్లని చంకనేసుకుని, తనకి తెలియకుండానే దాని వెనక నాలుగడుగులు వేసింది. బోట్లు నీళ్ళ మీద ఉన్నాయని గుర్తొచ్చింది. ఆగి, ఆ నాలుగడుగులూ వెనక్కి వేసింది.