పారాణి గిన్నె

ముప్ఫై ఏళ్ళుగా అంబాజీపేటలో మా వీధి పెళ్ళికూతుళ్ళందరికీ పారాణి కలిపింది నేనే. పసుపులో తాంబూలపు సున్నం ఎంత పడాలో నా వేలికి తెలుసు. తక్కువైతే రంగు రాదు, ఎక్కువైతే పాదాలు మండుతాయి. అలాంటిది మా మరిది కూతురు సత్యశ్రీని పెళ్ళికూతుర్ని చేసే రోజున ఆ గిన్నె శ్రీవిద్య చేతికి వెళ్ళింది. శ్రీవిద్య మరిదిగారి కోడలు, అమలాపురం కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది.

"ఈసారి వదిన కలుపుతుంది దొడ్డమ్మా. మీరు హాయిగా కూర్చోండి," అంది సత్యశ్రీ.

హాయిగానట! నాకు ఒళ్ళు మండిపోయింది.

శ్రీవిద్య సున్నం కలుపుతూ చుట్టూ చేరినవాళ్ళకి పాఠం మొదలెట్టింది. "సున్నమంటే కాల్షియం హైడ్రాక్సైడ్, క్షారం అన్నమాట. రొయ్యల చెరువులో వేస్తే నీటి పులుపు విరుగుతుంది. గోడకి వేస్తే గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. పసుపులో వేస్తే ఇదిగో, ఎరుపు. దీనికి పులుపు తగిలిందా, మళ్ళీ పచ్చబడిపోతుంది."

అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె పీట తేవడానికి లోపలికెళ్ళింది, చుట్టూ చేరినవాళ్ళూ తలో పనికీ వెళ్ళారు. పులిహోరకి కోసిన నిమ్మచెక్కలు పక్కనే ఉన్నాయి. రెండు తీసి గిన్నెలో పిండేశాను. చూస్తుండగానే ఎరుపంతా పోయి పసుపు మిగిలింది. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది.

సత్యశ్రీ వచ్చి పీట మీద కూర్చుని గిన్నెలోకి చూసింది. "ఇదేంటి వదినా, అపశకునమా?" ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా సంతోషం అక్కడితో సరి.

శ్రీవిద్య గిన్నెలో వేలు పెట్టి ఒక నిమ్మగింజ తీసింది. నా వైపు చూసింది. గింజని గుప్పిట్లో దాచేసింది.

"శకునం కాదు, ఏం కాదు. నేనే సున్నం తగ్గించేసేను, రంగు నిలవలేదు. పెద్దత్తయ్యగారూ, మీరే సరిచెయ్యాలండీ."

సున్నం వేసి కలిపాను. ఎరుపు తిరిగొచ్చింది.

"ఆయ్, ఎంతైనా దొడ్డమ్మగారి చెయ్యండీ!" అన్నారందరూ. పొద్దుట్నించీ నేను ఎదురుచూసిన మాటే. తలెత్తలేకపోయాను.

పాదాలకి పెట్టబోతుంటే శ్రీవిద్య చెంబుతో నీళ్ళు తెచ్చి, నాకు మాత్రమే వినబడేలా అంది. "ముందు చేతులు కడుక్కోండత్తయ్యగారూ. నిమ్మరసం ఉంటే రంగు నిలవదు."

ఆమె పోస్తోంది, నేను కడుక్కుంటున్నాను. అప్పుడూ నాకు ఆమె మీద కుళ్ళే. ఆమె స్థానంలో నేనుంటే ఆ గింజని పదిమందికీ చూపించేదాన్ని.