ఆఖరి వాయి

గుండిగ మీది గుడ్డ తొలగించి తోకుజి ఆవిరిలోకి చెయ్యి పెట్టాడు. పిడికెడు అన్నం తీసి, అరచేతుల మధ్య అప్పంలా అదిమి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఎక్కడా పలుకు లేదు. ముప్పై నాలుగు చలికాలాలుగా బియ్యపు మద్యం సాకె తయారుచేసే ఈ బట్టీలో బియ్యం ఉడికించీ ఉడికించీ ఆ చేతులు చెప్పుతోలులా మొద్దుబారాయి.

ఈ ఏటికి ఇదే ఆఖరి వాయి. మధ్యాహ్నం విందులో పల్చటి మబ్బులా ఉండే వసంతపు కొత్త సాకెని పెద్ద మేస్త్రి మొదటగా తోకుజికే పోస్తాడు. పోసి, "శరత్తుకి వచ్చెయ్యండి" అంటాడు, మళ్ళీ పనికి పిలుపన్నమాట. ఆ మాట విన్నాకే తాగడం ఆనవాయితీ.

ఈసారి ఆ మాట కోసం తోకుజి ప్రాణం కొట్టుకుంటోంది. వారం కిందట వచ్చిన బియ్యం ఉడకబెట్టే యంత్రం పెరట్లో నీలం పట్టా కింద ఉంది. దాని మాట అతని దగ్గర ఎవరూ ఎత్తలేదు. సొంతూరు నోతో సముద్రతీరాన ఇంట్లో అతనొక్కడే, పెళ్ళి చేసుకోలేదు. నలుగురి గురక వింటూ నిద్రపోయేది ఏడాదిలో ఈ ఆరు నెలలే.

వంటమనిషి సుమియె మిసో అనే పుల్లటి సోయా ముద్దలో చిట్టి స్క్విడ్లు, ఆవపిండి పట్టించిన ఆవపూల కాడలు, లేత వెదురు మొలకల పులుసు, వేయించిన చేదు మొగ్గలు వడ్డించింది.

"ఈ మొగ్గ కొరికి గుక్క వెయ్యండి తోకుజి గారూ. చేదు తగిలితేనే సాకె తీపి తెలిసేది. మీకు చేదు చూపించడానికి పెళ్ళామైనా లేకపాయె."

అందరూ నవ్వారు. తోకుజీ నవ్వాడు.

పెద్ద మేస్త్రి ఉరనో రెండు చేతులతో సాకె పోశాడు. అతనికి అన్నం పదును చూడడం నేర్పింది తోకుజే.

"స్క్విడ్లు తినండి. ఈ ఏడు వలకి బాగా పడ్డాయి."

"తింటున్నా మేస్త్రి గారూ."

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయి. నడుస్తున్నాయి."

ఉరనో ఇంకేదో అనబోయి, పక్కవాడికి పోయడానికి తిరిగాడు.

తోకుజి పళ్ళెంలోవన్నీ నెమ్మదిగా తిన్నాడు. మొగ్గ చేదు నాలుక మీద అలాగే ఉండిపోయింది. బస్సు వేళయ్యేదాకా కూర్చున్నాడు.

గేటు దగ్గర ఉరనో నడుం వంచి నమస్కరించాడు. ఏటా వంగేదే, కానీ ఈసారి ఎంతకీ లేవలేదు. తోకుజికి అర్థమైంది.

"పోన్లెండి, అన్నం ఉడికితే చాలు. ఎవరు ఉడికిస్తే ఏం," అని బస్సెక్కాడు.

సాయంత్రం బల్లలు తుడుస్తూ సుమియె అతని చోటు దగ్గర ఆగింది. గిన్నెలో సాకె పోసింది పోసినట్టే ఉంది. తెల్లటి మడ్డి అడుక్కి దిగి, పైన నీళ్ళలా తేరుకుంది.