అమీనుగారి బొంత

వరాహనరసింహం చాలా ఏళ్ళు జయపురం సంస్థానంలో అమీనుగా పనిచేశాడు. కల్యాణసింగ్‌పూర్ చుట్టుపక్కల అతని కొలతగొలుసు పడని పొలం లేదు. పొట్టి గుర్రమెక్కి ఊళ్ళు తిరగడం, పొలాలు కొలవడం, గట్ల తగువులు తీర్చడం, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఏ రైతు అరుగు మీదో పడుకోవడం. అదే అతని జీవితం. సంస్థానాన్ని ప్రభుత్వం తీసుకున్న మరుసటి ఏడు కొత్త కచేరీ వచ్చింది, కొత్త ఉద్యోగులు వచ్చారు. వయసు మీరినవాళ్ళను ఇళ్ళకు పంపించారు. అలా వరాహనరసింహం కల్యాణసింగ్‌పూర్‌లోని ఇంటికి వచ్చి పడ్డాడు.

ఇంట్లో ఉండడం అతనికి అలవాటు లేని పని. పొద్దున్న కాఫీ తాగాక ఏం చెయ్యాలో తోచేది కాదు. పెరట్లో ఆనపపాదు పందిరి వంకరగా ఉందని తాడు పట్టి కొలిచి, విప్పించి మళ్ళీ వేయించాడు. ఆ దెబ్బకి పాదు ఎండిపోయింది. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. ఆ పూట అతని భార్య అమ్మాజీకి ఎంత వెతికినా ఇంగువ దొరకలేదు.

ఇంటిపనికి వచ్చే బుల్లమ్మ అంట్లు తోముతూ అంది: "అమ్మగోరూ, బాబుగోరికి మళ్ళీ ఒక గుర్రాన్ని కొనీసియ్యండి. నేకపోతే మన పని అవ్వదు."

అమ్మాజీ నవ్వింది.

పుష్యమాసంలో వాళ్ళ కూతురు సత్యవేణికి మొదటి పురుడు. పార్వతీపురం నుంచి పుట్టింటికి వస్తోంది. ఆ నెలల్లో నియంగిరి కొండల మీంచి దిగే చలికి పెద్దవాళ్ళే ముడుచుకుపోతారు, పసిబిడ్డ మాట చెప్పాలా. అందుకని అమ్మాజీ తన పాత చీరలన్నీ తీసి, ఉతికి ఎండబెట్టి, నడిమింట్లో పొర మీద పొర పరిచి బొంత మొదలుపెట్టింది. చుట్టూ అంచులు కలిపేసి, మధ్యాహ్నం వంట అయ్యాక కూర్చుని ఒక్కొక్క వరసే కుట్టుకొచ్చేది.

బొంత మూడోవంతు కూడా కాకముందే ఒక ఉదయం ఆమె నూతి దగ్గర నాచు మీద కాలు జారి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఎముకలు కట్టే సన్యాసయ్య వచ్చి, పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టేశాడు.

"సంకురేత్తిరి దాటీదాకా ఈ సెయ్యి కదపకండమ్మా" అని చెప్పి పోయాడు.

నొప్పికన్నా బొంత దిగులే అమ్మాజీకి ఎక్కువైంది. పక్కింటి కాత్యాయని వచ్చి వంట చేసిపెడుతోంది. ఇంకా బొంత కూడా కుట్టమని ఆమెని అడగడానికి మొహం చెల్లలేదు. బుల్లమ్మకి వరికోతలు.

"పొద్దుటేళ అంట్లు తోమీసి పొలానికి పోతన్నాను గదమ్మా. సూది పట్టడానికి ఏళేదీ" అంది బుల్లమ్మ, తనే తప్పు చేసినట్టు.

ఒక మధ్యాహ్నం అమ్మాజీ కునుకు తీస్తుంటే వరాహనరసింహం నడిమింట్లో పచార్లు చేస్తూ బొంత దగ్గర ఆగాడు. అమ్మాజీ ఆపినచోట సూది అలాగే గుచ్చి ఉంది. కూర్చున్నాడు. ఇందులో ఏముందిలే, పైకి కిందికి పోనివ్వడమే కదా అనుకుని సూది పట్టుకున్నాడు. పైనుంచి గుచ్చడం వచ్చింది కాని, కిందనుంచి సూది ఎక్కడ తేలుతుందో తెలియలేదు. జానెడు మేర వెళ్ళేసరికి వేలు రెండుసార్లు పొడుచుకున్నాడు. మూడోసారి పొడుచుకున్నప్పుడు నోట్లోంచి గట్టిగా తిట్టు వచ్చేసింది.

అమ్మాజీ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. భర్తని చూసింది, అతను కుట్టిన వరసని చూసింది. అప్పుడే నడక నేర్చిన పిల్లాడు బురదలో నడిచినట్టుంది ఆ కుట్టు. ఆమెకి నవ్వు ఆగలేదు. చెయ్యి విరిగాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏటండీ అది?"

"కుట్టు" అన్నాడు వరాహనరసింహం.

"అది కుట్టా?"

"మరేటి? నవ్వడం మాని ఎలాగో చెప్పు."

అమ్మాజీ పీట లాక్కుని పక్కన కూర్చుంది. "ఎడంచెయ్యి బొంత కిందికి పోనీయండి. సూది మొన తగలగానే ఆ వేలితో పైకి తొయ్యాలి. బలంగా కాదండీ, పాలమీద మీగడ తీసినట్టు. దారం మరీ బిగించకండి, ముడతలు పడతాయి."

ఆ రోజు సాయంత్రానికి అతను ఒక వరస పూర్తి చేశాడు. మర్నాడు కాఫీ తాగగానే మళ్ళీ కూర్చున్నాడు. వరసలు వంకర పోతున్నాయని, ఒక దారానికి సుద్దపొడి రాసి, రెండు చివర్లా బిగించి పట్టి, మీటి, బొంత మీద తిన్నని గీతలు పడేలా చేశాడు.

"బొంత కొలిచి పట్టా రాసిస్తారేటండీ?" అంది అమ్మాజీ.

"గీత ఉంటే గాని నా చెయ్యి నడవదు" అన్నాడతను.

చత్వారం వల్ల అతనికి సూదిలో దారం ఎక్కించడం రాదు. ఆ సంగతి తెలిసి బుల్లమ్మ రోజూ పొలానికి పోయేముందు చాలా సూదులకు దారం ఎక్కించి, చాప అంచున వరసగా గుచ్చి పోయేది. ఒక దారం అయిపోగానే అతను ఇంకో సూది అందుకునేవాడు.

కుడుతున్నంతసేపూ నలిగిన పైచీర చిరుగుల్లోంచి కింది చీరలు అతనికి కనిపించేవి. "ఈ వంగపండు రంగుది ఎప్పటిది?" అని అడిగేవాడు. అమ్మాజీ చెప్పేది. అది సత్యవేణి బారసాలకు కట్టుకున్నది. ఈ గళ్ళది గుడారి ఊళ్ళో ఉన్నప్పుడు కొన్నది. ఇదిగో, ఈ పసుపుపచ్చది కట్టుకునే అతనికి మన్యపు జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుంది. ఆ జ్వరం అతనికి గుర్తుంది. చీర గుర్తులేదు. తను ఊళ్ళు తిరిగిన కాలంలో ఈ ఇంట్లో ఏం జరిగిందో ఒక్కొక్క పొరగా తెలుస్తుంటే, అతనికి లేవబుద్ధి అయ్యేది కాదు.

ఒకరోజు కుట్టు దగ్గర సందేహం వచ్చి, తను వాడుకునే పాత బొంత తీసుకొచ్చి చూశాడు. అది ఎన్నో శీతాకాలాలు గుర్రం మీద జీను వెనక కట్టుకుని తిరిగిన బొంత. వెలుతురులో విప్పి వరసలు చూస్తూ పోతుంటే ఒక మూల ఎర్రదారంతో ఏదో కనిపించింది. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. చిన్న గుర్రం. నాలుగు కాళ్ళు, జీను, జీను వెనక ఒక మూట కూడా ఉంది.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

"మరెవరు కుడతారు?"

"ఎప్పుడూ చెప్పలేదేం?"

అమ్మాజీ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "చూస్తారేమో అనుకున్నాను. మీరు రాత్రి కప్పుకుని పొద్దున్నే చుట్టచుట్టి కట్టేసుకునేవారు. మన గొప్ప మనం చెప్పుకోడం ఎందుకని ఊరుకున్నాను."

వరాహనరసింహం ఆ గుర్రాన్ని బొటనవేలితో తడిమాడు. ఏదో అనాలని ఉంది. అలాంటి మాటలు వాళ్ళ మధ్య ఎన్నడూ లేవు. చివరికి అన్నాడు: "ఇన్నేళ్ళూ వెచ్చగా పడుకున్నానే."

"అందుకే కదా కుట్టింది" అంది అమ్మాజీ.

ఆ పూట అతను సూది పట్టలేదు. ఇల్లంతా తిరిగాడు, ఈసారి ఏదీ సర్దడానికి కాదు. పెరుగు కుండ వేలాడే ఉట్టికి ఎన్ని ముడులున్నాయో, అన్నీ ఎంత ఒక్కలా ఉన్నాయో చూశాడు. రోజూ కూర్చుని తినే ఈతాకు చాపని తిరగేసి, అల్లిక ఎక్కడ మొదలైందో వెతికాడు. వాకిట్లో బుల్లమ్మ ఆనించిన చేట అంచుని వేళ్ళతో పట్టి చూశాడు. వీటన్నిటినీ ఎవరో కూర్చుని, ఇలాగే వేళ్ళు నొప్పెట్టేలా చేసి ఉంటారు కదా అనిపించింది. మనసుకు హాయిగా ఉంది.

తనూ బొంత మూల ఏదైనా కుట్టాలనుకున్నాడు. కిటికీలోంచి కనిపించే నియంగిరిని ఆకుపచ్చ దారంతో మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా, ఠాణాలో గుమాస్తాగా చేసి తనలాగే ఇంటికి వచ్చిన భావనారాయణ దగ్గు గుమ్మం దగ్గర వినిపించింది. వరాహనరసింహం గబుక్కున బొంత అంచు మడిచి, దానిమీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పైకి లేచాడు.

"ఏటోయ్, అలా ఎగిరేవు?" అన్నాడు భావనారాయణ.

"సూది గుచ్చుకుంది."

"సూదెందుకొచ్చింది అక్కడికి?"

ఇక దాచడానికి ఏమీ లేదు. "బొంత కుడుతున్నాను" అన్నాడు వరాహనరసింహం, పొలం సరిహద్దు చెప్పినట్టు గంభీరంగా.

భావనారాయణ నశ్యం పీల్చి, నెమ్మదిగా చతికిలపడి, బొంతని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. "వరసలు బావున్నాయోయ్. తిన్నగా ఉన్నాయి. ఆ మూల దున్నపోతెందుకు?"

"అది నియంగిరి."

వంటింట్లోంచి అమ్మాజీ నవ్వు వినిపించింది. భావనారాయణ మాత్రం నవ్వలేదు. చాలాసేపు అక్కడే కూర్చుని, సూది కిందికి పోవడం, పైకి రావడం చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటికి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. అమీనుగారు బొంత కుడుతున్నారట అని సంతలో చెప్పుకున్నారు. అది విని వరాహనరసింహం కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తరవాత, "లోపల చీకటిగా ఉంది" అని బొంత తీసుకొచ్చి వీధి అరుగు మీద పరిచాడు.

ఆ రోజు సంత. కొండ దిగి పసుపు, అనాసపళ్ళు అమ్ముకోవడానికి వచ్చే కంధ తెగ ఆడవాళ్ళు అరుగు ముందు ఆగారు. తట్టలు దించి, బొంత అంచులు పట్టి చూసి, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒక ముసలామె ఆకుపచ్చ కొండని వేలితో చూపించి, వచ్చీరాని ఒడియాలో ఇదేమిటని అడిగింది. అతను చెయ్యెత్తి ఎదురుగా ఉన్న నియంగిరిని చూపించాడు. ఆమె కొండని చూసింది, బొంతని చూసింది, తల అడ్డంగా ఊపింది. అందరూ నవ్వారు. అప్పుడామె తన భుజం మీది శాలువా తీసి అరుగు మీద పరిచింది. తెల్లటి బట్ట మీద ఎరుపు, పచ్చ దారాలతో మొనలు తేలిన వరసలు, కొండ తర్వాత కొండలా ఉన్నాయి. అది తను కుట్టిందేనని సైగ చేసింది. వరాహనరసింహం, అమ్మాజీ తలలు దగ్గరగా పెట్టి ఆ పనిని చూశారు. తట్ట ఎత్తుకునే ముందు ఆ ముసలామె ఒక అనాసపండు అరుగు మీద పెట్టి, వద్దంటున్నా వినకుండా వెళ్ళిపోయింది.

సత్యవేణి రాయగడలో రైలు దిగి బండిలో వచ్చేసరికి సాయంత్రమైంది. తల్లి చేతికి కట్టు, తండ్రి ఒళ్ళో బొంత. బండి దిగకుండానే నోరు తెరిచి చూసింది.

"నాన్నా, ఇదేవిటి?"

"ముందు దిగవే. ఇంకా రెండు వరసలున్నాయి" అన్నాడతను.

బుల్లమ్మ ఆమె చెయ్యి పట్టి దింపుతూ, "అమ్మీ, మీ నాన్నగోరు ఇప్పుడు ఎవుల్నీ ఏటీ అనడం నేదు. ఇల్లు నిమ్మళంగా ఉంది" అంది.

పుష్యమాసంలో, చలి గట్టిగా ఉన్న వారంలో సత్యవేణి ఆడపిల్లను కన్నది. మంత్రసాని పిల్లని తుడిచి బొంతలో చుట్టి తాతగారి చేతుల్లో పెట్టింది. గొలుసు లాగీ, కళ్ళెం పట్టీ మొద్దుబారిన చేతులు అవి. అతను కదలకుండా, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా నిలబడ్డాడు. కాసేపటికి చేతులకు వెచ్చగా తగిలింది.

"అమ్మాజీ" అన్నాడు కంగారుగా. "తడిపేసిందే. మొదటి రోజే."

"తడపక? గోడకి తగిలించుకోడానికా కుట్టేరు?" అంది అమ్మాజీ. "ఇలా ఇవ్వండి, ఉతుకుతుంది బుల్లమ్మ."

మధ్యాహ్నం బొంత పెరట్లో దండెం మీద ఆరుతోంది. వరాహనరసింహం దాని పక్కనే నిలబడి ఎండలో వరసలు చూసుకున్నాడు. మొదట కుట్టినవి తడబడుతున్నాయి, పోనుపోను కుదురుకున్నాయి. ఒక్క కుట్టూ ఊడలేదు.

సంక్రాంతి దాటాక సన్యాసయ్య కట్టు విప్పాడు. అమ్మాజీ వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. రోజూ కాస్త కాస్త కదపమని చెప్పాడు. ఆ వారంలోనే భావనారాయణ చంకలో మూటతో వచ్చాడు. మూటలో వాళ్ళావిడ పాత చీరలున్నాయి.

"నాకూ నేర్పుతావేటోయ్?" అని, ఎవరైనా విన్నారేమోనని వీధివైపు చూశాడు.

"అమ్మాజీ నేర్పుతుంది. నేనింకా నేర్చుకుంటున్నాను" అన్నాడు వరాహనరసింహం.

అమ్మాజీ చీరలు విప్పి, మెత్తనివి కిందికి, రంగున్నవి పైకి వేయించి, అరుగు మీద పరిపించింది. భావనారాయణ సుద్దదారం ఒక కొస పట్టుకున్నాడు. గీతలు పడ్డాక వరాహనరసింహం ఒక చివర, అమ్మాజీ ఇంకో చివర కూర్చున్నారు. మొదటి కుట్టు వేస్తుంటే ఆమె బిగిసిన వేళ్ళలోంచి సూది జారింది. రెండోది నిలబడింది.

"నెమ్మదిగా కానీ. తొందరేం లేదు" అన్నాడు వరాహనరసింహం.

"మీ వరస చూసుకోండి. వంకర పోతోంది" అంది అమ్మాజీ.