ఇంటితో పాటు కార్డు

తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు కట్టను చంద్రభాగ విప్పుతుండగా భర్త అంబాదాస్ లోపలికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండానే ఇల్లు దొరికిందన్నాడు. ఆమె తలెత్తింది కాని చేతులు ఆగలేదు. ఆకు మీద రేకు ముక్క పెట్టి చుట్టూ కత్తిరించడం, చిటికెడు జర్దా పరిచి చుట్టడం, మొన గోటితో మూసి దారం బిగించడం, ఇవన్నీ ఆ చేతులు ఆమెను అడగకుండానే చేసుకుపోతాయి. పదహారేళ్లుగా అంతే.

"జోడ్‌భావి పేట్ల. కింద రెండు మగ్గాలు పడతయి, మీద మనం ఉండనీకి ఒక ఖోలీ. షోలాపూర్ల గింత సస్తా ఇల్లు మల్ల దొరకది" అన్నాడు.

దొరకదన్నది నిజమే. దాజీ పేట్‌లో వాళ్లు ముగ్గురూ ఉంటున్న ఒంటి గదిని దసరాలోపు ఖాళీ చేయమని ఇంటాయన చెప్పేశాడు. ఆ గదిలో ఆయన పవర్లూమ్ పెట్టుకుంటాడట. ఈ ఊళ్లో ముందు మగ్గానికి చోటు దొరుకుతుంది, మిగిలితే మనిషికి. హోట్గి రోడ్డు వైపు ప్లాట్ల ధర అడిగితే అడిగినవాడే సిగ్గుపడి వెనక్కి రావాలి. చద్దర్లు నేసే కూలీవాడు ఏడాది పాటు తిరిగి తిరిగి ఇల్లు తెస్తే పెళ్లాం సంతోషపడాలి. చంద్రభాగకూ సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. కాకపోతే ఒక్క ప్రశ్న నాలుక దాకా వచ్చింది.

"ఆ కాలనీ సంగతి ఏమైతది మరి?"

పక్క గది సుందరాబాయి చెప్పిన కాలనీ అది. హోట్గి రోడ్డు అవతల, బీడీలు చుట్టే ఆడవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకుని కట్టించుకుంటున్నారు. ఒక గది, వంటిల్లు, గుమ్మంలో నల్లా. ఇల్లు ఆడమనిషి పేరు మీదే ఉంటుంది. కావలసిందల్లా బీడీ కార్ఖానాలో సొంత పేరున కార్డు.

అంబాదాస్ నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు, పిల్లల మాటకు నవ్వే నవ్వు. "నీ పేరు మీద కార్డు యాడున్నది?"

లేదు. చంద్రభాగ చుట్టిన బీడీలన్నీ అత్త మల్లమ్మ కార్డు మీద ఎక్కుతాయి. పెళ్లిచూపులకు వచ్చిన రోజు మల్లమ్మ పాట పాడమనలేదు, నడిచి చూపమనలేదు. కొంగు ముడి విప్పి ఇన్ని ఆకులు తీసి, ఒక కట్ట చుట్టమంది. ఇరవై అయిదు బీడీలూ ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కి చూసి, "పిల్ల చెయ్యి మంచిదున్నది" అంది. ముఖం చూసినట్టు చంద్రభాగకు గుర్తు లేదు. పెళ్లయిన అయిదేళ్లకు మల్లమ్మ పోయింది. పదోరోజు కాగానే అంబాదాస్ ఆ కార్డు తెచ్చి ఈమె ఒడిలో వేశాడు. కొత్త కార్డులు ఇవ్వడం లేదు, అమ్మ పోయిందని చెబితే ఉన్నది కూడా పోతుంది, మన పేటలో ఎన్ని ఇళ్లలో ఇలా నడవడం లేదు, అన్నాడు. నడుస్తున్న మాట నిజం. సుందరాబాయి కూడా తొమ్మిదేళ్ల కిందట పోయిన గంగుబాయి పేరుతోనే వరుసలో నిలబడుతుంది.

కార్ఖానా కిటికీ చిన్నది. లోపల లెక్కలు రాసే మున్షీ పెంటప్పకు బయటివాళ్ల చేతులు తప్ప ఏమీ కనబడవు. "మల్లమ్మ" అని పిలుస్తాడు. "ఉన్న" అంటుంది చంద్రభాగ. బీడీలు లోపలికి జరుపుతుంది, రిజిస్టరు మీద వేలిముద్ర వేస్తుంది. తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివిన పిల్ల, మరాఠీ కూడా చక్కగా రాయగలిగిన పిల్ల, పదకొండేళ్లుగా వేలిముద్ర వేస్తోంది. మల్లమ్మకు చదువు రాదు మరి.

ఆ ముద్రలో తేడా ఎవరూ పట్టలేదు. పట్టడానికి ముద్రంటూ ఉంటే కదా. ఆకు రాచుకుని రాచుకుని అత్త బొటనవేలి గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఈమెవీ చెరిగాయి. ఓ రోజు రిజిస్టరులో పాత పుటలు తిరగబడితే చంద్రభాగ చూసింది. వరుసగా నల్లటి మరకలు, గీతలేని నున్నటి మరకలు. అత్త ఎక్కడ ఆగిందో, తాను ఎక్కడ మొదలైందో కనుక్కోలేకపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు చెయ్యి కడుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చూడటానికి వెళ్లారు. బడికి సెలవని కూతురు విమల కూడా వెంట వచ్చింది. దానికి పదేళ్లు, ఊరికే ఉండదు. ఆ రోజు పేటలో కరెంటు లేదు. ఎప్పుడూ చెవులు హోరెత్తించే మగ్గాలన్నీ ఆగిపోయి, సందుల్లో వాళ్ల అడుగుల చప్పుడు వాళ్లకే వినబడుతోంది. పుట్టినప్పటి నుంచీ మగ్గాల చప్పుడులో బతికినవాళ్లకు ఆ నిశ్శబ్దం బాగుండదు, ఎవరో వింటున్నట్టు ఉంటుంది.

ఇంటాయన రాజారాం తాళం తీశాడు. హోట్గి రోడ్డులో బంగళా కట్టుకుని వెళ్లిపోయినవాడు, తెల్లగా, మర్యాదగా ఉన్నాడు. లోపల జర్దా ఘాటు గుప్పుమంది. ఇల్లు ఖాళీ చేసి రెండు నెలలైందట, ఘాటు మాత్రం నిన్నటిదిలా ఉంది. అంబాదాస్ కొలత టేపు పట్టుకుని మగ్గాల చోటు చూసుకోవడానికి వెనక భాగంలోకి పోయాడు.

తలుపు పక్కన, వెలుతురు పడే ఒకే ఒక్క చోట, నేల మీది శాబాదు బండ అరిగిపోయి ఉంది. మనిషి కూర్చునేంత మేర పల్లమై, నున్నగా మెరుస్తోంది. దాని వెనక గోడ మీద, కూర్చున్న ఆడమనిషి తల ఎత్తున, నూనె మరక నల్లగా పట్టింది. కుడి పక్కన చేతికందే ఎత్తులో బొటనవేలు తుడిచిన గుర్తులు, వందలు. ఒక్కదానికీ గీతల్లేవు.

"మా అవ్వ జాగ. నలభై ఏండ్లు గాడనే కూసున్నది" అని రాజారాం తల్లి సంగతి చెప్పాడు.

"పడుకునేది యాడ?" అని అడిగింది చంద్రభాగ.

ఆ ప్రశ్న అతనికి ఎప్పుడూ తట్టినట్టు లేదు. "గాడనే ఉంటుండె. ఆఖరుకు గట్లనే గోడకు ఆనుకొని పోయింది. సాయంత్రం దాంక మాకు తెల్వనే లేదు. చేతుల సగం చుట్టిన బీడీ ఉండె."

ఆ సగం బీడీ ఏమైందని చంద్రభాగ అడగలేదు. అడగడమెందుకు, ఎవరో పూర్తిచేసి కట్టలో కలిపే ఉంటారు. తాను అయినా అదే చేసేది. ఆ మాట తనకు తోచినందుకే ఆమెకు భయం వేసింది.

"కూసోని చూడండ్రి వైనీ, వెలుగు మంచిగ పడతది" అన్నాడు రాజారాం, వదినని వరస కలుపుతూ.

వద్దనుకుంటూనే కూర్చుంది. కుడి మోకాలు తనంతట తాను ఒక గుంటలోకి దిగింది. మడమ ఇంకో గుంటలో కుదిరింది. తల వెనక్కి వాలిస్తే సరిగ్గా మరక మీద ఆనింది. చెయ్యి చాపితే గూడు తగిలింది, గూట్లో దారపు ఉండ ఉంది. వెతకకుండానే దొరికింది. అప్పుడు వినబడింది కత్తెర చప్పుడు. కచక్, కచక్, ఆకు కోసే చప్పుడు. చుట్టూ చూసింది. విమల గుమ్మంలో ఆడుకుంటోంది, రాజారాం సిగరెట్టు ముట్టిస్తున్నాడు. ఒడిలోకి చూసుకుంటే కదులుతున్నవి తన వేళ్లే. కత్తెర లేకుండా, ఆకు లేకుండా, గాలిని కోస్తున్నాయి. చప్పుడు మరి ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడూ తెలియదు, తర్వాతా తెలియలేదు.

"అమ్మా, ఈడ చిన్నదున్నది" అంది విమల.

పెద్ద పల్లం పక్కనే చిన్న పల్లం. పిల్ల అందులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎక్కడా సందు లేకుండా అతికినట్టు కుదిరింది.

"మా చెల్లెలు కూసుంటుండె, లగ్గమయ్యేదాంక" అన్నాడు రాజారాం పొగ వదులుతూ.

చంద్రభాగ పిల్లను రెక్క పట్టుకుని లేపింది. ఎందుకంత గట్టిగా లాగావని విమల ఏడుపు ముఖం పెట్టింది. అంతలో అంబాదాస్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. రెండు మగ్గాలూ భేషుగ్గా పడతాయట. పెళ్లానికి కూర్చునే చోటు కూడా తయారుగా ఉందని అతనికి ముచ్చటేసింది. "నీకు బండ గూడ కొత్తగ ఏసేది లేదు" అన్నాడు.

రాజారాం బయటికొచ్చి తాళం వేస్తూ అసలు మాట చెప్పాడు. "మా అవ్వ నర్సమ్మ కార్డు ఇంక నడుస్తున్నది. కార్ఖానల చెప్పలే. ఆమె పేరున జమైన ఫండు లోనుగ నేనే తీసుకున్న, కార్డు ఇంటితో పాటు మీకిస్త."

"మనకు మల్లమ్మ కార్డున్నది గదా" అంది చంద్రభాగ.

మగవాళ్లిద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. దారిలో అంబాదాస్ విడమరచి చెప్పాడు. ఇంటికి కట్టాల్సిన దాంట్లో తక్కువ పడేది, ఏళ్లుగా కూలీలోంచి కోసి మల్లమ్మ పేరున జమ చేసిన ఫండులోంచి రావాలి. ఆమె పోయినట్టు కాగితం పెడితే కొడుక్కి ఇచ్చేస్తారు.

"అత్తమ్మ పోయి పదకొండేండ్లాయె."

"అది మనకు. కాగదం మీద ఇంక పోలే గదా. డాక్టరుతోని రాయించిన. మొన్న బుధవారం పోయింది, ఛాతీల నొప్పొచ్చి. ఎల్లుండి కాగదం ఇస్త."

మొన్న బుధవారం. చంద్రభాగ లెక్క వేసుకోకుండా ఉండలేకపోయింది. ఆ రోజు ఆమె తెల్లారకముందే లేచి నీళ్లు పట్టింది, జొన్నరొట్టెలు చేసింది, విమల తలకు నూనె పెట్టింది, వెయ్యి బీడీలు చుట్టింది, కిటికీ దగ్గర "ఉన్న" అంది. ఆ రోజే ఛాతీలో నొప్పి వచ్చి పోయిందట. ఆ మాట విన్నప్పటి నుంచి ఎడమ పక్క ఎముకల కింద ఏదో సన్నగా గుచ్చుకోవడం మొదలైంది.

"నేను చుట్టినవి గదా అవన్నీ. అత్తమ్మ ఉన్నప్పటియి సగం, పోయినంక పదకొండేండ్లయి అన్నీ నాయే" అంది.

"నీయి, అవ్వయి అని యాడ రాసున్నది? అంతా ఒక్కిల్లే గదా" అన్నాడతను. కోపంగా అనలేదు. అది ఇంకా బాధ. "ఇంక కార్ఖాన దిక్కు పోకు. సచ్చినోళ్లు వరుసల నిలబడతరా? ఇంట్లకు పోయినంక నర్సమ్మ కార్డు మీద చుట్టు."

మర్నాడు చంద్రభాగ పని చేస్తూనే ఉంది, కానీ చేతుల్ని కనిపెట్టి చూస్తూ ఉంది. ఈ వేళ్లు మల్లమ్మవి అయ్యాయి. వచ్చే నెల నర్సమ్మవి అవుతాయి. తాను గోడకు ఆనుకుని పోయినరోజు, సగం చుట్టిన బీడీని పక్క చిన్న పల్లంలోంచి ఒక చెయ్యి అందుకుని పూర్తి చేస్తుంది. ఆ చేతి పేరూ అప్పటికి నర్సమ్మే. అంటే తన పేరుతో బతికే వంతు తనకు రాదు. తాను పోయాక విమలా నర్సమ్మ పేరుతోనే బతుకుతుంది, విమల పేరు ఎప్పటికీ ఎవరూ పిలవరు. పిల్ల బడి నుంచి రాగానే అలవాటుగా కత్తెర అందుకుని తల్లి పక్కన చతికిలబడింది. చంద్రభాగ దాని చేతిలోంచి కత్తెర తీసేసి, బొటనవేలు వెలుతురులోకి తిప్పి చూసింది. గీతలు ఉన్నాయి. సన్నగా, గుండ్రంగా, అన్నీ ఉన్నాయి.

"పోయి చదువుకో" అంది.

తెల్లవారి అంబాదాస్ డాక్టరు కాగితం జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం కార్ఖానాకు వస్తానని మున్షీకి కబురు పెట్టి, మగ్గం పనికి పోయాడు. అతను సందు మలుపు తిరిగాక చంద్రభాగ రెండు రోజుల బీడీలనూ గుడ్డలో మూట కట్టింది. సుందరాబాయి ఆశ్చర్యంగా చూసింది. పేటలో ఇలాంటివి దాగవు, మల్లమ్మ పోయిన బుధవారం సంగతి ఆమెకు తెలుసు.

"నువ్వు రావొద్దు గదనే" అంది.

"నేనెందుకు రావొద్దు? పోయింది నేనా" అంది చంద్రభాగ.

వరుసలో నలభై మంది దాకా ఉన్నారు. చంద్రభాగ వెనక సుందరాబాయి నిలబడింది. వరుస కదిలింది. లోపలి నుంచి పెంటప్ప గొంతు ఎప్పటిలాగే విసుగ్గా పిలిచింది.

"మల్లమ్మ."

నాలుక దానంతట అది పైకి లేచింది. పదకొండేళ్ల అలవాటు, ఊరుకోమంటే ఊరుకుంటుందా. చంద్రభాగ పళ్లు బిగబట్టింది.

"మల్లమ్మ" అని మళ్లీ పిలిచాడు.

ఆమె వంగి, చేతులు పెట్టే ఆ కిటికీలో ముఖం పెట్టింది. పెంటప్ప ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఇన్నేళ్లలో ఆ కిటికీలో అతను ముఖం చూడటం అదే మొదటిసారి.

"మల్లమ్మ పోయి పదకొండేండ్లయింది పెంటప్ప సాబ్. మొన్న బుధవారం కాదు."

అతను చప్పున గొంతు తగ్గించాడు. "ఏం మాటనే అది? నీ మొగడు మధ్యాన్నం కాగదం తెస్తనన్నడు. ఫండు ఆగిపోతది. ఇల్లు పోతది మీకు."

"పోనియ్యి. ఆ ఇంట్ల నేను కూసోను, నా బిడ్డను కూసోనియ్య."

"మరి ఇన్నొద్దులు ఇవన్నీ ఎవరు చుట్టిండ్రు?"

పేరు చెప్పాలి. నోరు తెరిచింది, పేరు రాలేదు. ఒక్క క్షణం నిజంగానే రాలేదు, అక్కడ ఏమీ లేదు, ఆకు తీసేసిన చాటలా ఖాళీగా ఉంది. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి, సిరాదిమ్మెను పక్కకు నెట్టి, అతని చెవి మీది పెన్ను లాక్కుంది. ఎదురుగా ఉన్న రిజిస్టరులో, నల్లటి మరకల వరుస కింద మరాఠీలో రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. చేతికి గుర్తుంది. చంద్రభాగ. రాసింది చదివాక నోటికీ వచ్చింది.

"చంద్రభాగ" అంది గట్టిగా. "ఆ పేరు మీద కార్డు రాయండ్రి. రాసేదాంక ఈడనే ఉంట." మూటతో సహా ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది.

పెంటప్ప ఆ పేరు మీద వేలు పెట్టాడు. దాన్ని కొట్టేయడానికి పెన్ను కోసం చెవి తడుముకున్నాడు, అది ఆమె దగ్గరే ఉండిపోయింది. చివరికి రోజూ చేసే పనే చేశాడు. వేలు కిందికి జరిపి, తర్వాతి పేరు పిలిచాడు.

"గంగుబాయి."

సుందరాబాయి కిటికీ ముందే ఉంది. బీడీల మూటను రెండు చేతులా ఛాతీకి పట్టుకుని నిలబడింది, పెదవులు కదపలేదు. పెంటప్ప ఇంకోసారి పిలిచి, దాని తర్వాతి పేరు పిలిచాడు. ఆ తర్వాతి పేరూ పిలిచాడు. బయట నలభై మంది ఆడవాళ్లు నిలబడే ఉన్నారు. ఒక్కరూ ఉన్నాననలేదు.